గ్రేలింగ్‌కి వేసిన గాలానికి ట్రౌట్ చిక్కితే

గ్రేలింగ్ అనే చేప కోసం వేసిన గాలానికి, అప్పుడు పట్టకూడని ట్రౌట్ చేప తగులుతుంది. బ్రిటన్ నదుల్లో చలికాలం గాలం వేసేవాళ్ళకి ఈ చిక్కు తప్పదు. ఇంగ్లండ్, వేల్స్ నదుల్లో గ్రేలింగ్, చబ్, రోచ్, డేస్, పైక్ లాంటి చేపల్ని జూన్ 16 నుంచి మార్చి 14 దాకా పట్టుకోవచ్చు. అదే నీళ్ళలో తిరిగే బ్రౌన్ ట్రౌట్‌కి మాత్రం శరదృతువులోనే గడువు ముగిసిపోతుంది. చాలా ప్రాంతాల్లో అక్టోబరులో మూసిన వేట మళ్ళీ మార్చిలోగానీ తెరవరు. కచ్చితమైన తేదీలు ప్రాంతాన్ని బట్టి మారతాయి కాబట్టి మీ నది ఏ ప్రాంతపు బైలా (స్థానిక నిబంధన) కిందికి వస్తుందో ముందే చూసుకోవాలి. స్కాట్లాండ్‌లో బ్రౌన్ ట్రౌట్ మూసివేత అక్టోబరు 7 నుంచి మార్చి 14 వరకు. గ్రేలింగ్‌కి అక్కడ చట్టబద్ధమైన మూసివేత లేదు.

అంటే అయిదు నెలలకి పైగా ఒక చేపని పట్టవచ్చు, దాని పక్కనే ఉన్న దాన్ని పట్టకూడదు. ఎర వేసేది మీరే అయినా తినేది ఎవరన్నది మీ చేతిలో పూర్తిగా ఉండదు. అయితే అసలు లేకుండానూ పోదు. చోటు, ఎర, లోతు, దారం మందం, ఒక ట్రౌట్ పడ్డాక మీరు చేసే పని, ఇవన్నీ మీరు తేల్చుకునేవే. ఇవి సరిగ్గా ఉంటే రోజంతా వేసినా ఒకటీ అరా ట్రౌట్ తగులుతుంది. సరిగ్గా లేకపోతే గ్రేలింగ్ పేరు చెప్పి ట్రౌట్ వేట చేసినట్టే అవుతుంది.

చట్టం ఎక్కడ గీత గీస్తుంది

మూసివేత కాలంలో నేరం ట్రౌట్ కోసం వేటాడటం. వేరే చేప కోసం వేస్తున్నప్పుడు అనుకోకుండా చిక్కిన దాన్ని వెంటనే, క్షేమంగా వదిలేస్తే ఇబ్బంది లేదు. సాల్మన్ అండ్ ఫ్రెష్‌వాటర్ ఫిషరీస్ యాక్ట్, 1975 ఒక అడుగు ముందుకేసి, గుడ్లు పెట్టబోతున్నవీ, పెట్టి ఇంకా కోలుకోనివీ అయిన చేపల్ని పట్టడాన్ని విడిగా నేరం చేసింది. ప్రమాదవశాత్తూ పట్టి, వీలైనంత తక్కువ గాయంతో నీళ్ళలోకి వదిలినవారికి మాత్రం అందులో మినహాయింపు ఉంది. ‘వీలైనంత తక్కువ గాయంతో’ అన్న మాట గుర్తుంచుకోండి. వదలడం ఒక్కటే చాలదు, వదిలిన తీరు కూడా లెక్కలోకి వస్తుంది.

నది కాపలాదారు వచ్చి అడిగితే మీ ఉద్దేశం మాటల్లో కంటే సామానులో తేలిగ్గా కనబడుతుంది. గులకరాళ్ళ మీద పారే మోకాలి లోతు నీళ్ళలో చిన్న స్పిన్నర్ (నీళ్ళలో గిరగిర తిరిగే లోహపు ఎర) లాగుతూ ‘పైక్ కోసం’ అంటే నమ్మేవాళ్ళెవరు? ఇంగ్లండ్, వేల్స్‌లో 13 ఏళ్ళు నిండిన ప్రతి ఒక్కరికీ రాడ్ (గాలపు కర్ర) లైసెన్స్ ఉండాలి (13 నుంచి 16 ఏళ్ళ వారికి ఉచితమే, అయినా తీసుకోవాలి). దానికి తోడు ఆ ఒడ్డు ఎవరిదో వారి అనుమతి. క్లబ్బుల నియమాలు చాలాసార్లు చట్టం కంటే గట్టిగా ఉంటాయి. చలికాలంలో గ్రేలింగ్‌కి ఫ్లై (పురుగులా కట్టిన కృత్రిమ ఎర) మాత్రమే అనేవి, మ్యాగట్ (ఈగల పిల్లపురుగు) వద్దనేవి, కొన్ని మడుగుల్ని పూర్తిగా మూసేసేవి ఉన్నాయి. పర్మిట్ వెనకవైపు చిన్న అక్షరాల్లో ఉండేవి ఇవే.

ఏది ఎక్కడ ఉంటుంది

బ్రౌన్ ట్రౌట్ ఎక్కువగా నవంబరు, డిసెంబరుల్లో గుడ్లు పెడుతుంది. అందుకు లోతు తక్కువగా, వడిగా, శుభ్రమైన గులక ఉన్న చోట్లకీ, పక్క వాగుల్లోకీ పైకి వెళుతుంది. ఆడచేప తోకతో గులకని తవ్వి గుడ్లు పెట్టి మళ్ళీ కప్పేస్తుంది. చుట్టుపక్కల రాళ్ళు నాచు పట్టి నల్లగా ఉంటే ఆ చోటు మాత్రం కడిగినట్టు తెల్లగా, ముందు చిన్న గుంట, వెనక చిన్న మిట్టతో కనిపిస్తుంది. ఆ గుడ్లు అయిదు డిగ్రీల నీళ్ళలో పొదగడానికి మూడు నెలల దాకా తీసుకుంటాయి. పిల్లలు ఆ తర్వాత కూడా కొన్ని వారాలు గులకలోనే దాగి ఉంటాయి. నవంబరు నుంచి వసంతం దాకా అలాంటి చోట కాలు పెట్టకండి. గాలానికి చిక్కి చచ్చే ట్రౌట్ ఒకటైతే ఒక్క బూటు కింద పోయేవి వందలు. నది దాటక తప్పకపోతే బురద, ఇసుక, పెద్ద బండలు ఉన్న చోట దాటండి.

గ్రేలింగ్ వసంతంలో గుడ్లు పెడుతుంది కాబట్టి చలికాలంలో బలంగా ఉంటుంది. చలి ముదిరేకొద్దీ గుంపులు కట్టి, నడకంత వేగంతో సమంగా పారే నాలుగు నుంచి ఎనిమిది అడుగుల నీళ్ళలో, అడుగున గులక ఉన్న చోట నిలుస్తుంది. హాంప్‌షైర్‌లో టెస్ట్, ఇచెన్, యార్క్‌షైర్‌లో యూర్, వేల్స్‌లో డీ, స్కాట్లాండ్‌లో ట్వీడ్, టమ్మెల్ నదుల్లో చలికాలపు గ్రేలింగ్ వేట అంతా ఇలాంటి పొడవాటి, ఒకే తీరుగా పారే పాయల్లోనే.

గుడ్లు పెట్టి దిగివచ్చిన ట్రౌట్ దీనికి భిన్నంగా ఉంటుంది. ఒంట్లో శక్తి లేక వడికి ఎదురు నిలబడలేదు. ఒడ్డు వారన, చెట్ల వేళ్ళ కింద, మడుగు తోక దగ్గర నీరు నెమ్మదించే చోట, ప్రధాన పాయకీ నిలకడ నీటికీ మధ్య గీతలాంటి అంచున ఆగుతుంది. ఆకలి మీద ఉంటుంది కాబట్టి కదిలేది ఏదైనా కొడుతుంది. జనవరి, ఫిబ్రవరిల్లో అనుకోకుండా చిక్కే ట్రౌట్లలో ఎక్కువ భాగం ఇవే. కాబట్టి బెండుని నది మధ్య పాయలో నడపండి. ఒడ్డు వారన ఉన్న నెమ్మది నీటిని వదిలేయండి. అక్కడ గ్రేలింగ్ పడే అవకాశం తక్కువ, ట్రౌట్ పడే అవకాశం చాలా ఎక్కువ.

ఎర, సామాను

బెండుతో మ్యాగట్ వేయడం గ్రేలింగ్‌కి అన్నిటికంటే పనిచేసే పద్ధతి. ట్రౌట్‌కీ అంతే, చిక్కంతా అక్కడే. మ్యాగట్ మానేయక్కర్లేదు గానీ దాన్ని నడిపే తీరు మార్చుకోవాలి.

రాడ్ 13 అడుగులది, దారం చుట్టే రీల్ సెంటర్‌పిన్ (స్వేచ్ఛగా తిరిగే చక్రం) అయినా మామూలుది అయినా సరే. ప్రధాన దారం 4 పౌండ్ల బరువు మోసేది, గాలానికి కట్టే చివరి మూర 3 పౌండ్లు. చాలామంది చివరి దారం 2 పౌండ్లకి దించుతారు, సన్నదైతే గ్రేలింగ్ ఎక్కువ కొరుకుతుందని. అది నిజమే. కానీ రెండు పౌండ్ల ట్రౌట్ చిక్కితే ఆ దారంతో దాన్ని అయిదు నిమిషాలు ఆడించాల్సి వస్తుంది, లేదా దారం తెగి గాలంతోనే పోతుంది. గుడ్లు పెట్టి నీరసించిన చేపకి ఆ అయిదు నిమిషాలే ప్రాణం మీదికి తెస్తాయి. రెండు మూడు గ్రేలింగ్ తగ్గినా ఫరవాలేదు, 3 పౌండ్లే కట్టండి.

గాలం 16 నంబరు, కొన దగ్గర వెనక్కి తిరిగి ఉండే ముల్లు లేనిది. ముల్లున్న గాలం తప్ప దొరకకపోతే సన్న ముక్కు పటకారుతో ముల్లుని పూర్తిగా నొక్కేయండి. సగం నొక్కిన ముల్లు చర్మాన్ని చీలుస్తుంది, అది ఇంకా చెడ్డది. దూదిని ముల్లున్న చోట రుద్ది చూస్తే తెలిసిపోతుంది, పోగు పట్టుకుంటే ఇంకా మిగిలినట్టే.

బెండు నాలుగు నుంచి ఆరు బీబీ గుళ్ళు (ఎరని దించేందుకు దారానికి నొక్కే చిన్న బరువులు) మోసేది తీసుకోండి. గుళ్ళన్నీ గాలానికి మూర ఎత్తులో ఒకే చోట గుత్తిగా పెట్టి, కింద సగంలో ఒక 6 నంబరు చిన్న గుండు నొక్కండి. గుళ్ళని దారం పొడవునా పరిస్తే ఎర నెమ్మదిగా దిగుతుంది. నీళ్ళ నడిమి ఎత్తులో తిరిగే ట్రౌట్ దాన్ని దారిలోనే అందుకుంటుంది. గుత్తిగా పెడితే ఎర నేరుగా అడుగుకి, గ్రేలింగ్ ముందుకి పోతుంది. లోతు కొలిచి, దానికి రెండు మూడు అంగుళాలు కలిపి పెట్టండి. సరిగ్గా ఉంటే బెండు నున్నగా జారదు. గులక తగిలినప్పుడల్లా తల కొంచెం వంచి, మళ్ళీ లేచి, మళ్ళీ వంచుతూ పోతుంది. అసలు వంగకపోతే ఎర తేలుతోందన్నమాట. అంగుళం చొప్పున లోతు పెంచుకుంటూ పోండి.

పాయ చివర చేసే పొరపాటు మరొకటి. బెండు దూరం పోయాక దారం ఆపి పట్టుకుంటే ఎర అడుగు నుంచి పైకి లేస్తూ ఒడ్డు వైపు ఊగుతుంది. అడుగు నుంచి పైకి పారిపోయే పురుగులా కనిపించే ఆ కదలికని ట్రౌట్ వదలదు. నడక ముగియగానే రాడ్ ఎత్తి ఎరని నీటి పైకి తెచ్చి, వేగంగా చుట్టేయండి. నీళ్ళలో నెమ్మదిగా ఈడ్చుకు రావడం వద్దు. ఫ్లై వేసేవాళ్ళకీ ఇదే వర్తిస్తుంది. నీటిలోని పిల్లపురుగులా కట్టిన, టంగ్‌స్టన్ పూస ఉన్న బరువైన నింఫ్‌ని అడుగున నీటి వేగంతోనే నడిపించి, ఊపు మొదలవ్వక ముందే ఎత్తేయాలి. చిన్న చేపల్లా కట్టిన స్ట్రీమర్ ఫ్లైలు ఈ నెలల్లో పెట్టెలోనే ఉండనివ్వండి.

చేతితో చల్లే మ్యాగట్లు ఒక్కో విసురుకి ఎనిమిది పది మించకూడదు. గుప్పెళ్ళతో చల్లితే ఒడ్డు కింది ట్రౌట్లన్నీ పాయలోకి వచ్చి గ్రేలింగ్‌ని పక్కకి నెట్టేస్తాయి. స్వీట్‌కార్న్ ఒక గింజ, 14 నంబరు గాలానికి, గ్రేలింగ్‌కి బాగా పనిచేస్తుంది. చిన్న ట్రౌట్లూ, సాల్మన్ పిల్లలూ తగలడం కొంత తగ్గుతుంది. వానపాముని మాత్రం ఈ కాలంలో పక్కన పెట్టేయడమే మంచిది. ట్రౌట్ దాన్ని కొరకదు, మింగుతుంది.

చబ్ కోసమైతే పని సులువు. 6 లేదా 8 నంబరు గాలానికి బొటనవేలంత రొట్టె ముక్కో జున్ను ముద్దో పెట్టండి. ట్రౌట్ వీటిని ఎప్పుడైనా తీసుకుంటుంది గానీ మ్యాగట్ మీద ఉన్నంత ఆత్రం ఉండదు. బరువు వేసి అడుగున పెట్టేటప్పుడు రాడ్ చేతిలోనే ఉండాలి, దారం బిగువుగా ఉండాలి. రాడ్‌ని స్టాండు మీద పెట్టి టీ పోసుకునే లోపల వదులు దారం మీద చేప ఎరని గొంతులోకి దించేసుకుంటుంది. లోతుగా దిగిన గాలాలన్నిటికీ మూలం ఇదే.

పైక్‌కి చిన్న స్పిన్నర్లు, చిన్న ప్లగ్‌లు (చేప ఆకారపు కృత్రిమ ఎరలు) వద్దు, అవి నేరుగా ట్రౌట్ ఎరలు. ఆరు అంగుళాలకి తగ్గని చచ్చిన సముద్రపు చేపని నెమ్మదైన లోతు నీళ్ళలో పెట్టండి. పెద్ద ట్రౌట్ దాన్ని కూడా తీసుకున్న సందర్భాలున్నాయి గానీ అరుదు. లూర్ (కృత్రిమ ఎర) వేయాల్సిందే అనుకుంటే పెద్దది తీసుకుని, మూడు కొక్కేల ట్రెబుల్ తీసేసి ముల్లు లేని ఒంటి గాలం తగిలించండి.

చిక్కింది ట్రౌటేనా

కొరికిన మరుక్షణమే చాలావరకు తెలుస్తుంది. ట్రౌట్ తల విదిలిస్తూ ఉరుకుతుంది, పైకి వచ్చి దొర్లుతుంది, ఎగురుతుంది. గ్రేలింగ్ వీపు రెక్క విప్పి ప్రవాహానికి అడ్డంగా నిలబడి మెలికలు తిరుగుతుంది. ట్రౌట్ అనిపించిన వెంటనే రాడ్‌ని పక్కకి వంచి బలంగా లాగండి. మెత్తగా ఆడిస్తే దానికి మేలు చేసినట్టు కాదు.

వలలోకి వచ్చాక: గ్రేలింగ్‌కి పెద్ద జెండాలాంటి వీపు రెక్క, చిన్న నోరు, కింది వైపుకి తిరిగిన పెదవి, పెద్ద పొలుసులు. బ్రౌన్ ట్రౌట్‌కి నోరు కన్ను దాటి వెనక్కి పోతుంది, మచ్చల చుట్టూ లేత వలయాలు ఉంటాయి, తోకకి ముందు ఉండే చిన్న కొవ్వు రెక్క అంచు నారింజ రంగు. ఆ కొవ్వు రెక్క గ్రేలింగ్‌కీ ఉంటుంది కాబట్టి అది ఉండటం ఒక్కటే గుర్తు కాదు. వేలెడు చేప, పక్కన వేలిముద్రల్లాంటి మచ్చలు, తోక లోతుగా చీలి, కొవ్వు రెక్క బూడిద రంగులో ఉంటే సాల్మన్ పిల్ల. పెద్ద చేప సన్నగా, పొట్ట లోపలికి పోయి, తల శరీరానికి మించి కనిపిస్తే గుడ్లు పెట్టి తిరిగివస్తున్న సాల్మనో, సముద్రం నుంచి వచ్చే సీ ట్రౌటో అయి ఉంటుంది. అన్నిటికీ ఒకటే దారి, నీళ్ళలోకే.

ఈ తేడా ఎందుకు ముఖ్యమంటే, ఇంగ్లండ్ నదుల్లో ఒడ్డు యజమాని ఒప్పుకుంటే 30 నుంచి 38 సెంటీమీటర్ల గ్రేలింగ్‌ని రోజుకి రెండు తీసుకెళ్ళవచ్చు. ట్రౌట్‌ని గ్రేలింగ్ అనుకుని సంచిలో వేసుకుంటే చెప్పుకోవడానికి సాకు ఉండదు. అనుమానం వస్తే వదిలేయండి.

వదిలే తీరు

వల రబ్బరు పూత ఉన్నది, ముడులు లేనిది. ముడులున్న నైలాన్ వల రెక్కల అంచుల్ని చీలుస్తుంది, ఒంటి మీది జిగురుని గీకేస్తుంది. ఆ జిగురు పోయిన చోట తెల్లటి బూజు పడుతుంది. గుడ్ల కాలంలో దాన్ని తట్టుకునే శక్తి చేపలో తక్కువగా ఉంటుంది.

చేప వలలోకి రాగానే వలని ఎత్తకండి. అంచు నీటి పైన, సంచి నీళ్ళలో ఉండేట్టు మోకాళ్ళ మధ్య పట్టుకోండి. గాలం కనిపిస్తే చేపని ముట్టుకోనే అక్కర్లేదు. ఫోర్సెప్స్‌తో గాలం వంపుని పట్టి, దిగిన దారినే వెనక్కి తిప్పితే ముల్లు లేనిది ఇట్టే ఊడి వస్తుంది. చేపని పట్టుకోక తప్పకపోతే ముందు చేతులు తడపండి, గ్లౌజులు తీసేయండి. ఉన్ని గ్లౌజు జిగురుని తుడిచేస్తుంది. పొట్ట నొక్కకండి. అక్టోబరు, నవంబరుల్లో ఆడచేప పొట్ట మెత్తగా ఉంటుంది, చిన్న ఒత్తిడికే నారింజ రంగు గుడ్లు జారిపోతాయి.

గాలం గొంతులో ఉండి కనిపించకపోతే తవ్వకండి. దారాన్ని నోటికి వీలైనంత దగ్గరగా కత్తిరించి వదిలేయండి. గొంతులోంచి గాలం లాగితే గుండెకీ మొప్పలకీ దెబ్బ తగిలి రక్తం పోతుంది. లోపల ఉంచేస్తే బతికే అవకాశం దానికంటే మెరుగు. స్టెయిన్‌లెస్ స్టీలు గాలాలు వాడకపోవడానికి ఇదొక కారణం, అవి తుప్పు పట్టి రాలిపోవు.

ఫోటో, తూకం, కొలత, ఏవీ వద్దు. చలి సున్నాకి దిగిన రోజున గాలిలోకి ఎత్తిన చేప కళ్ళ మీదా మొప్పల మీదా ఉన్న తడి గడ్డకట్టడానికి ఎంతో సేపు పట్టదు. అలాంటి రోజు వల కూడా గట్టిపడిపోతుంది, వాడే ముందు ఒకసారి నీళ్ళలో ముంచాలి. పట్టిన చేపల్ని నీళ్ళలోనే ఉంచే కీప్‌నెట్‌ వలలో వేసి ఉంచి తర్వాత వదులుదామనే ఆలోచన అసలు వద్దు. ట్రౌట్, సాల్మన్ జాతుల్ని, చిన్నవైనా పెద్దవైనా, నదిలో కీప్‌నెట్‌లో ఉంచడానికి ఇంగ్లండ్ బైలాలు ఒప్పుకోవు.

వదిలేటప్పుడు ప్రవాహానికి ఎదురుగా తల ఉండాలి, నీరు నెమ్మదిగా పారే చోటు కావాలి. ఒక చెయ్యి తోక మొదట్లో వదులుగా, ఇంకో చెయ్యి ముందు రెక్కల వెనక ఆసరాగా పెట్టండి. ముందుకీ వెనక్కీ ఊపకండి. వెనక్కి లాగినప్పుడు నీరు మొప్పల్లోకి తప్పు దిశలో పోతుంది. మొప్పలు ఒక లయలో ఆడి, తోక మీ వేళ్ళని తోసే దాకా ఆగండి. నీరసించిన చేపకి రెండు మూడు నిమిషాలు పట్టవచ్చు. తొందరపడి వడి నీళ్ళలో వదిలితే బోర్లా పడి కొట్టుకుపోతుంది.

ఇంత చేసినా చచ్చిపోతే? ఇంటికి తీసుకెళ్ళే వీలు లేదు. నీళ్ళలోనే వదిలేయాలి. వృథా అనిపించడం సహజమే గానీ చచ్చిన చేప తీసుకెళ్ళనిస్తే ‘అనుకోకుండా చచ్చేవి’ పెరుగుతాయని ఎవరికైనా తెలుసు.

రెండోది పడ్డాక

ఒక ట్రౌట్ పడిందంటే అది అనుకోకుండా జరిగిందే. అదే పాయలో రెండోది పడితే లోతు, చల్లుడు సరిచూసుకోండి. బెండు అడుగు తాకుతోందా, మ్యాగట్లు ఎక్కువ చల్లుతున్నానా, నడక ఒడ్డుకి దగ్గరగా పోతోందా? మూడోది కూడా ట్రౌటే అయితే సామాను సర్దుకుని కనీసం ముప్ఫై గజాలు కదలండి, వీలైతే ఇంకా లోతైన, సమంగా పారే నీటికి. మధ్యలో గ్రేలింగ్ వస్తున్నాయి కదా అని అక్కడే నిలబడిపోవడం ఎక్కువమంది చేసే పని. ఆ చోట ట్రౌట్లున్నాయని తెలిసాక వేసే ప్రతి విసురుకీ మీరు ‘అనుకోకుండా’ అనలేరు, కాపలాదారూ ఒప్పుకోడు. కదిలాక కూడా అదే వరస అయితే ఎర మార్చి చబ్ కోసం రొట్టెకి దిగండి, లేదా ఆ రోజుకి ఆ నదిని వదిలేయండి. నదిలో వరద తీసి నీళ్ళు తేరుకుంటున్న రోజుల్లో ఇలా ఎక్కువగా జరుగుతుంది. ట్రౌట్లన్నీ ఒడ్డు వారకి చేరి ఆబగా తింటుంటాయి.

మార్చి మధ్యలో లెక్క తిరగబడుతుంది. ట్రౌట్ తెరుచుకుంటుంది, ఇంగ్లండ్, వేల్స్ నదుల్లో గ్రేలింగ్ మార్చి 15 నుంచి జూన్ 15 దాకా మూతపడుతుంది, పైగా గుడ్లు పెట్టేదీ అప్పుడే. నింఫ్ అడుగున నడిపే ట్రౌట్ వేటగాళ్ళ గాలానికి ఇక గ్రేలింగ్ తగులుతుంది. అప్పుడు నింఫ్ బరువు తగ్గించి నీటి పై సగంలో నడపండి, వీలైతే నీటి మీద తేలే పొడి ఫ్లైకి మారండి. పడిన గ్రేలింగ్‌ని నీళ్ళలోంచి ఎత్తకుండానే గాలం తిప్పి వదిలేయండి. ట్రౌట్ కంటే అది త్వరగా అలిసిపోతుంది కాబట్టి ఎదురు ప్రవాహంలో పట్టుకుని ఉంచే సమయం దానికి ఇంకొంచెం ఎక్కువే కావాలి.